వారానికి రెండు చుక్కలు

తాబేలు పిల్ల మెడ దగ్గర చర్మం పొరలు పొరలుగా ఊడుతోంది. కోడలు చూసింది. ఏమీ అనిపించక, కళ్లజోళ్ల దుకాణంలో అద్దాలు అరగదీసే పనికి బయల్దేరింది.

భర్త పోయి ఐదు నెలలు. వచ్చినవాళ్లంతా ధైర్యం గల పిల్ల అని మెచ్చుకుని వెళ్లారు. ధైర్యమా పాడా! ఆమెకు సోమవారానికీ శనివారానికీ తేడా తెలియకుండా పోయింది, అంతే.

తాబేలు ఆయన ముచ్చటపడి తెచ్చుకున్నది. డిప్ప గట్టిపడాలని విటమిన్ చుక్కల సీసా కూడా కొన్నాడు. వారానికి రెండు చుక్కలు, మేత మీద వేయాలి. మొన్న వేశానా లేదా అని గుర్తురాక, ఆమె రోజూ పొద్దున్నే వేస్తూనే ఉంది.

సాయంత్రం తిరిగి వచ్చేసరికి అత్తగారు గుమ్మంలోనే ఎదురైంది.

"అమ్మాయ్, అది కళ్లు తెరవట్లేదే. మేత ముట్టలేదు."

ఇదీ పోతే ఆయన తెచ్చినదేదీ ఇంట్లో ప్రాణంతో మిగలదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. చెప్పులు విప్పకుండానే కోడలు ప్లాస్టిక్ డబ్బా తెచ్చి తాబేలుని, చుక్కల సీసాని అందులో పెట్టింది.

పశువుల డాక్టరమ్మ సీసాని వెలుతురుకు ఎత్తి చూసింది. "ఎవరు వేస్తున్నారిది?"

"నేనే," అన్నారు ఇద్దరూ ఒక్కసారే.

పొద్దున కోడలు, మధ్యాహ్నం అత్తగారు. రెండోవాళ్లకి పట్టదులే అనుకుని ఎవరికి వారే.

"బలమని పోస్తే విషమవుతుందమ్మా. నెల్లాళ్లు చుక్క కూడా వద్దు. ఆకులు, ఎండ చాలు. బతుకుతుందిలెండి."

బయట మెట్ల దగ్గర అత్తగారు ఆగింది.

"వాడూ ఇంతేనే. నా దగ్గర కడుపునిండా తిని, మళ్లీ నీ వడ్డనకి కూర్చునేవాడు. 'దానికి చెప్పకమ్మా, నొచ్చుకుంటుంది' అనేవాడు."

"నాతోనూ అంతే అత్తయ్యా. నా దగ్గర తినేసి మీ దగ్గరికి వచ్చేవారు. 'అమ్మకి చెప్పకు' అని."

కోడలికి నవ్వొచ్చింది. నవ్వుతూనే, ఆయన లేడన్న కబురు అప్పుడే ఎవరో తెచ్చినట్టు, మెట్ల మీద కూలబడిపోయింది.