ఆఖరి గడిలో కళ్ళు

మా చెల్లికి నోట్లో నాలుక ఉందో లేదో తెలియాలంటే దానికి కోపం తెప్పించాలి. అదేమీ తేలిక కాదు. ఏం తింటావే అంటే నీ ఇష్టం అక్కా అంటుంది, ఏం వేసుకుంటావే అంటే నీ ఇష్టం అక్కా అంటుంది. అమ్మ పోయాక దాన్ని పెంచింది నేనే కాబట్టి ఆ జవాబు నా చెవికి ఇంపుగానే ఉండేది. చెప్పిన మాట వినే చెల్లెలు ఎవరికి చేదు?

మేమిద్దరం మాంగా, అంటే జపాను తరహా బొమ్మల కథ, గీస్తాం. సైకిల్ రిపేరు షాపు పైగదిలో కిటికీ వైపు నా బల్ల, గోడ వైపు దాని బల్ల. కథ నాది, బొమ్మలు కూడా నావే, ఒక్క కళ్ళు తప్ప. నేను గీసిన కళ్ళు చేపల బజారులో అమ్మకానికి పెట్టినట్టుంటాయి. అందుకని ప్రతి పేజీలోనూ ముఖాలన్నిటినీ కళ్ళు లేకుండా వదిలేసి దాని బల్ల మీదికి తోస్తాను. అది కళ్ళు పెట్టి తిరిగిస్తుంది. మొదటి సంచిక నుంచీ మా పద్ధతి ఇదే.

కథ హైస్కూల్లో నడుస్తుంది. అమ్మాయిని అందరూ గంపజుట్టు అంటారు. ఆమె మీద మనసు పడ్డ పొడుగాటి కుర్రాడు నిచ్చెన. వాడు ప్రేమ మాట ఎత్తాడంటే చాలు, గంపజుట్టు కళ్ళు గట్టిగా మూసుకుని పరుగు లంకించుకుంటుంది. అలా మూసుకుని గోడలకు గుద్దుకుంది, హెడ్మాస్టరుకు గుద్దుకుంది, ఒకసారి ఈత కొలనులో కూడా పడింది. వారం వారం జనం దీనికే పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. ఇన్నేళ్ళలో ఆ అమ్మాయి వాడి ముఖంలోకి ఒక్కసారైనా సూటిగా చూడలేదు. ఇప్పుడు వాళ్ళ బడి చదువు అయిపోయింది, కథకు ఆఖరి సంచిక వచ్చేసింది. ఇక జవాబు చెప్పి తీరాలి.

చెబితే నా కొంప మునుగుతుంది. అదీ సంగతి.

పోయిన వారం మా కథ వేసే పత్రిక ఎడిటర్ ఫోన్ చేశాడు. "జవాబు తేల్చకండమ్మా. నానబెట్టండి. ఇద్దరినీ కాలేజీలో వేసి రెండో భాగం మొదలెడదాం" అన్నాడు. నేను ఎగిరి గంతేసి ఒప్పుకున్నాను. సంపాదన మీద ఆశతో కాదు. మా చెల్లికి ఎక్కడో దూరాన ఉన్న యానిమేషన్ స్టూడియోలో ఉద్యోగం వచ్చింది. చేరుతుందో లేదో ఈ సాయంత్రంలోగా వాళ్ళకు రాయాలి. కథ ముగిస్తే అది వెళ్ళిపోతుంది. ముగియకపోతే మాత్రం, నన్ను నడిమధ్యలో వదిలేసి పోయేంత ధైర్యం దానికి లేదు. ఆ సంగతి తెలిసే ఒప్పుకున్నాను. దాన్ని మాత్రం ఒక్క ముక్క అడగలేదు.

ఆఖరి గడి, అంటే పేజీలో చివరి బొమ్మ, నేను చాలా తెలివిగా గీశాను. బస్టాపులో ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి ఉంటారు. గంపజుట్టు నోరు తెరవబోతుంది, ఇంతలో లారీ ఒకటి దూసుకుపోతుంది. ఆ గాలికి జుట్టంతా ఎగిరి ఆమె నోటికి అడ్డం పడుతుంది. మాట వినపడదు, నోరు కనపడదు, సమాప్తం. నన్ను నేనే మెచ్చుకుని పేజీని గోడ వైపు బల్ల మీదికి తోశాను.

చెల్లి పేజీ ఎత్తి చూసింది. "జవాబేదక్కా?"

"లారీ కింద పడింది."

అది నవ్వలేదు. "చదివేవాళ్ళు ఇంతకాలం ఓపిక పట్టారు."

"ఇంకొంత కాలం పడతారు. కాలేజీలో చెబుతుందిలే."

"ఏ కాలేజీలో?"

నోరు జారాను. ఇక దాచి లాభం లేదని రెండో భాగం సంగతంతా కక్కేశాను. అది చేతిలోని కలం కింద పెట్టింది, మళ్ళీ తీసుకుంది.

"మరి నా ఉద్యోగం?"

"ఉద్యోగానికేం కరువొచ్చింది? ఇది పని కాదా? అక్కడ ఎవడి కిందో పడి ఉండాల్సిన ఖర్మ నీకేంటి?"

"నన్నొక మాట అడగొచ్చుగా."

"అడిగితే ఏమంటావు? నీ ఇష్టం అక్కా అంటావు. ఆ భాగ్యానికి అడగడం కూడా ఎందుకు!"

అది తల వంచుకుని పేజీ దగ్గరికి లాక్కుంది. సిరా సీసా మూత తిప్పిన చప్పుడు వినిపించింది. హమ్మయ్య, లొంగింది అనుకున్నాను. కింద షాపులో ఎవరో చక్రాన్ని సుత్తితో బాదుతున్నారు, ప్రతి దెబ్బా నా తలలోనే పడుతున్నట్టుంది. లేచి నీళ్ళు తాగాను. కూర్చుని మళ్ళీ లేచాను. దాని వీపు తప్ప నాకేమీ కనబడటం లేదు.

వీధిలో వ్యాను హారన్ మోగింది. పేజీలు పట్టుకెళ్ళే ప్రెస్సు డ్రైవరు ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చాడు. వయసు మళ్ళిన మనిషి, మేం బాబాయ్ అంటాం.

"అయిందా తల్లీ? మా ఆవిడ పొద్దున్నించీ ప్రాణం తీస్తోంది, ఆ పిల్ల ఒప్పుకుందా లేదా కనుక్కు రమ్మని."

"ఒక్క నిమిషం బాబాయ్" అన్నాను.

చెల్లి పేజీని నా వైపు జరిపింది. చూడగానే నా పై ప్రాణాలు పైనే పోయాయి.

గంపజుట్టు కళ్ళు తెరిచే ఉన్నాయి. నిచ్చెన ముఖంలోకి సూటిగా చూస్తున్నాయి. వాటిలో బెదురు ఉంది, కానీ పక్కకు తప్పుకోవడం లేదు. ఆ చూపు చూసినవాళ్ళెవరూ ఇక జవాబేమిటని అడగరు. జుట్టు అడ్డం పెట్టి నోరైతే మూశాను గానీ, కళ్ళు ఎవరి చేతిలో ఉన్నాయో మర్చిపోయాను. ఇన్నేళ్ళుగా ఇదే పని చేస్తూ ఇంత చిన్న సంగతి తోచలేదంటే నాదీ ఒక బుర్రేనా!

"ఏంటే ఇది?"

"కళ్ళు."

"అది నాకూ కనబడుతోంది. మూసుకోవాలి కదా!"

"ఈసారి మూసుకోదు."

తప్పు గీతల మీద పూసే తెల్లరంగు సీసా తీశాను. నాకు కళ్ళు గీయడం రాదు, నిజమే. కానీ మూసిన కళ్ళంటే రెండు గీతలు, ఆ మాత్రం నేనూ గీకగలను. కుంచె ముంచాను. బాబాయ్ గుమ్మంలో నిలబడి నన్నోసారి, దాన్నోసారి చూసి, "నేను కింద ఉంటానమ్మా" అని గొణిగి దిగిపోయాడు.

"చెరిపేస్తున్నా" అన్నాను.

కుంచె నుంచి తెల్లరంగు చుక్క బల్ల మీద పడింది. నీ ఇష్టం అక్కా అంటుందని చూశాను. ఆ ఒక్క మాట అంటే చాలు, ఈ పీడ వదిలిపోతుంది.

"వద్దు" అంది.

దాని నోట ఆ మాట వినడం నాకు అదే మొదలు. పసితనంలో చేదు మందు పోసినా కిక్కురుమనకుండా మింగిన పిల్ల అది.

"నిన్ను నా చేతుల మీద పెంచానే! నువ్వెళ్ళిపోతే నేనొక్కదాన్నీ ఏం చెయ్యను? ఎవరితో కూర్చుని తినను? ఎవర్ని తిట్టను?" గొంతు చించుకుని అరిచాను. కింద సుత్తి చప్పుడు ఆగిపోయింది.

"తెలుసక్కా. అందుకే ఇన్నాళ్ళూ నోరు రాలేదు." దాని కళ్ళ నీళ్ళు గడ్డం దాకా జారుతున్నా తుడుచుకోలేదు. "నాకు వెళ్ళాలని ఉంది. చాలా ఉంది. నువ్వు చెరిపేసినా వెళ్తాను. కానీ చెరపకు. ఇక్కడిదాకా రావడానికి ఆ పిల్ల ఎన్ని గోడలకు గుద్దుకుందో నీకు తెలీదా? రాసింది నువ్వే కదా!"

ఈ కథలో అమ్మాయి ఎదగాలి, ఎన్నాళ్ళని పారిపోతుంది అని ఎడిటర్‌తో ఎన్నిసార్లు జుట్టూ జుట్టూ పట్టుకున్నానో లెక్కలేదు. కాగితం మీద ఎదిగితే నాకు ముద్దు. ఇంట్లో ఎదిగిన పిల్ల కంట్లో నలుసైంది. నా మీద నాకే రోత పుట్టింది. కుంచెను నీళ్ళ గ్లాసులో పడేశాను.

పేజీలు కవరులో పెట్టి నేనే కిందికి పట్టుకెళ్ళాను. బాబాయ్ మెల్లగా అడిగాడు, "ఒప్పుకుందా?"

"ఒప్పుకుంది బాబాయ్. మీ ఆవిడకి చెప్పండి. ఇంకెవరికైనా చెప్పారో, మీ పని అయిపోతుంది."

వ్యాను వీధి మలుపు తిరిగేదాకా అక్కడే నిలబడ్డాను. ఆపండి అని కేకెయ్యాలనిపించింది. పైకి వచ్చి ఎడిటర్‌కు ఫోన్ చేసి, "రెండో భాగం లేదండీ, మా పిల్ల జవాబు చెప్పేసింది" అన్నాను. ఆయన అగ్గి మీద గుగ్గిలమయ్యాడు. వినే ఓపిక లేక మధ్యలోనే పెట్టేశాను.

చెల్లి ఫోన్ చేతిలో పట్టుకుని నా ముఖమే చూస్తోంది. "కాసేపాగి రాస్తాలే అక్కా. నువ్వు కాస్త కుదుటపడు."

"ఇప్పుడే రాయి. నా ఎదురుగానే పంపు."

"ఇంకా టైముంది కదా, ఎందుకంత తొందర?"

"ఇంకో గంట పోతే నేను మళ్ళీ మామూలు మనిషినైపోతానే. అప్పుడు నిన్ను వెళ్ళనివ్వను. పంపు."

అది రాసి పంపింది. దాని జబ్బ గట్టిగా పట్టుకుని ఏడుస్తూ, అక్కడైనా వేళకి తిని చావమని తిట్టాను.