కొలతకు తగ్గించిన సూటు

మా ఆవిడ దర్జీ. ఎవరి బట్టలు వదులుగా కనిపించినా ఆమె చేతులు ఊరుకోవు. ఇక కట్టుకున్న మొగుడు గోనెసంచిలో దూరినట్టు తిరుగుతుంటే ఊరుకుంటుందా? నేను ఫ్యాక్టరీలో ఎలక్ట్రీషియన్ని. పెద్ద ప్యానెళ్ళ దగ్గర పనిచేసేటప్పుడు మంట అంటుకోని గుడ్డతో కుట్టిన సూటు, తలకు ముసుగు, ముఖానికి అద్దం తప్పనిసరి. లోపల కరెంటు పేలిందంటే కొలిమి వేడంతా రెప్పపాటులో మీద పడుతుంది.

ఆ సూటు ఉతకడానికి ఇంటికి తెచ్చాను. మళ్ళీ తొడుక్కునేసరికి నడుం సన్నబడింది, చేతులు ఒంటికి అతికినట్టు కుదిరాయి. మెడ దగ్గర ఎప్పుడూ గుచ్చుకునే పట్టీ కూడా మాయం. నాకు చెప్పకుండా, నేను సంతోషిస్తానని కుట్టిందట. దాచడమెందుకు, అద్దంలో చూసుకుని తెగ మురిసిపోయాను. ఫ్యాక్టరీలో అందరికీ చూపించుకున్నాను. వేరే షిఫ్టు వాళ్ళిద్దరైతే, వదిన చేత ఇలాగే కుట్టించి పెట్టమని తమ సూట్లు నా చేతిలో పెట్టేశారు.

మర్నాడు మెయిన్ ప్యానెల్లో కరెంటు కలిపే, ఆపే బ్రేకర్‌ని హ్యాండిల్‌తో లోపలికి తోసే పని పడింది. ఆ ప్యానెల్ తలుపు మీద నారింజరంగు స్టిక్కర్ ఉంటుంది. పేలితే మనిషికి ఎంత వేడి తగులుతుందో దాని మీద ఒక అంకె. సూటు ఎంత వేడిని ఆపగలదో సూటు మెడపట్టీ మీద ఇంకో అంకె. రెండోది పెద్దదైతేనే పనికి ఒప్పుకుంటారు. సేఫ్టీ మేడమ్, చాటుగా మేమంతా భూతద్దం అనే ఆవిడ, స్టిక్కర్ చదివి నా కాలర్ తిరగేసింది.

"అంకె ఏదయ్యా?"

"గుచ్చుకుంటోందని మా ఆవిడ తీసేసింది మేడమ్."

అందరూ నవ్వారు. మేడమ్ నవ్వలేదు. పక్క కుట్టు లాగి దారం చూసింది. ఇది మామూలు దారం, వేడికి కరిగి ఒంటికి అంటుకుంటుంది అంది. "గుడ్డకీ ఒంటికీ మధ్య ఉండే గాలి కూడా నిన్ను కాపాడేదే. మీ ఆవిడ ఆ గాలికి చోటు లేకుండా చేసింది."

నాకు తల కొట్టేసినట్టయింది. నలుగురిలో పెళ్ళాం పనితనానికి వంక పెడితే ఎవడు పడతాడు? గుడ్డ అదే కదా అని వాదించాను. మేడమ్ వింటేనా? స్టోరులోంచి ఇంకో సూటు తెప్పించింది. నాలాంటి వాళ్ళు ఇద్దరు పడతారు అందులో, పైగా ఎవరిదో చెమట కంపు. ముసుగులో సణుక్కుంటూనే హ్యాండిల్ తిప్పాను.

అంతా తెల్లబడిపోయింది. ఎవరో గుండెల మీద తన్నినట్టు వెనక్కి పడ్డాను. దూరంగా కాపలా నిలబడ్డ తోటి ఎలక్ట్రీషియన్, మేమంతా పొడుగన్న అనేవాడు, నన్ను బయటికి ఈడ్చి ముసుగు లాగేశాడు. సూటు ముందువైపంతా బొగ్గులా మాడిపోయింది. లోపల నా నూలు బనియను మాత్రం తెల్లగానే ఉంది. డాక్టరు ఒళ్ళంతా చూసి, చెవుల్లో హోరు తప్ప ఏమీ లేదన్నాడు. మేడమ్ పనిముట్ల పెట్టె మీద కూలబడి ముఖం తుడుచుకుంటోంది. ఆవిడకి దణ్ణం పెట్టబోతే నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. బతికాను, అంతకంటే నాకింకేం తోచలేదు.

ఇంటిదారిలో మాత్రం ఈ సంగతి మా ఆవిడకు చెప్పకూడదని గట్టిగా అనుకున్నాను. తెలిస్తే మళ్ళీ జన్మలో సూది పట్టదు. సూటు ఏమైందంటే స్టోరులో ఇచ్చేశానని చెప్పొచ్చు. తీరా గుమ్మంలో అడుగు పెడితే, ఆమె మిషన్ మీద ఆ ఇద్దరి సూట్లలో ఒకటి, సగం కుట్టు పడి ఉంది. రెండూ రేపటికల్లా ఇచ్చేయొచ్చని హుషారుగా చెబుతోంది.

"ఆపు," అన్నాను. "ఆ కుట్లు విప్పెయ్యి."

నిలబడే మొత్తం చెప్పేశాను.

"మీరు నేను కుట్టిందే వేసుకుని ఉంటే?"

"ఈ పూట ఇంటికి వచ్చేవాణ్ణి కాదు."

లేచి వచ్చి నా చొక్కా విప్పింది. లైటు కిందికి తిప్పి ఛాతీ, భుజాలు, వీపు అంతా అరచేత్తో తడిమి చూసింది. ఎక్కడా మచ్చ లేదు అని తనలో తనే అనుకుని, నా వీపుకి నుదురు ఆనించి భోరుమంది. స్టూలు లాక్కుని కూర్చుండిపోయాను.

కాసేపటికి కళ్ళు తుడుచుకుని, ఆ సూట్లు రెండూ మడిచి సంచిలో పెట్టింది. వీటిని ఎవరూ వేసుకోకూడదని, రేపు తనూ నాతో వచ్చి మేడమ్‌ చేతికే ఇస్తానని అంది. ఆవిడతో ఏం చెప్తావని అడిగాను.

"ముందు చేతులు పట్టుకుంటాను. మాట వస్తే అప్పుడు చెప్తాను."