పదమూడు పైపులు

ఆ ఏడాది బత్తలపల్లె చుట్టుపక్కల ఇనుము కంటికి కనబడితే చాలు, మర్నాటికి మాయమైపోయేది. చేతిపంపు పిడి పోయింది. బడి గేటు పోయింది. ఒక ఊళ్లో ట్రాన్స్‌ఫార్మరు విప్పి రాగితీగ లాక్కుపోతే ఊరంతా పది రోజులు చీకట్లో కూర్చుంది. ఇదేం పొయ్యేకాలమో! వానల్లేక జనం మూటాముల్లే సర్దుకుని కూలికి బెంగళూరు బస్సెక్కుతుంటే, ఈ దొంగసచ్చినోళ్లకు మాత్రం చేతినిండా పనే.

మారెక్క వంతు ఏప్రిల్లో వచ్చింది. ఆమెకు ఉన్నదల్లా రెండెకరాల చీనీతోట, అంటే బత్తాయితోట. మొగుడు చనిపోయిన ఏడే నాటిన మొక్కలవి. ఆరేళ్లు సాకగా సాకగా ఇప్పుడు మొదటి కాపు పట్టింది, కాయలు నిమ్మకాయలంత అయ్యాయి. సరిగ్గా అప్పుడే బోరులో మోటరు కాలింది. పైపులన్నీ పైకి తీయించి బోరు పక్కనే పేర్చి, మోటరును వైండింగుకని ధర్మవరం తీసుకుపోయింది మారెక్క. రెండో రోజు అది బాగుచేయించుకుని తిరిగొచ్చేసరికి బోరు పక్కన ఉత్త నేల ఉంది. పదమూడు ఇనుప పైపుల్లో ఒక్కటీ లేదు.

పట్టపగలు ట్రాక్టరు పెట్టుకొచ్చి ఎక్కించుకుపోయారట. అది దగ్గరుండి చూసినవాడు ఎవరో కాదు, సాక్షాత్తూ ఆమె మరిది ఓబుళేసు.

“మోటరంగడోళ్లు కొత్త పైపులేసేకి పాతవి తీసకపోతాండారేమో అనుకుంటి వదినా. నేను గూడా ఒక చెయ్యేసి ఎత్తిచ్చినా.”

“నీ తెలివి తెల్లారినట్టే ఉండాది! ఇంత అన్నం గూడా పెట్టి పంపకపోతివా?”

“మజ్జిగిచ్చినా,” అన్నాడు ఓబుళేసు తల వంచుకుని.

మారెక్క తోటలోకి పోయింది. నీళ్లు ఆగి ఐదు రోజులు. ఆకులు అప్పుడే ముడుచుకుపోతున్నాయి. ఇంకో వారం ఇలాగే ఉంటే కాయలు రాలతాయి, ఆ తర్వాత చెట్లే ఎండిపోతాయి. కొత్త పైపులు కొనే తాహతు ఈ జన్మకు లేదు. ఆమెకు ఒళ్లు మండిపోయింది.

“బండి తియ్యి ఓబుళేసూ. పాతసామాన్ల అంగళ్లన్నీ గాలించాల్సిందే,” అంది.

మూడు రోజులు మోపెడ్ మీద ఎండలో తిరిగారు. ముత్యాలప్ప అనేవాడి అంగడి వెనక, కంచె సందులోంచి పైపుల కొసలు కనిపించాయి. మారెక్క తిన్నగా పోలీసు స్టేషనుకు పోయి హెడ్డు సుంకన్న ముందు నిలబడింది.

“ఇనుమంతా ఒకే మాదిరి ఉంటాదమ్మా. నీ పైపుల మీద నీ పేరు రాసుండాదా?” అన్నాడాయన విసుగ్గా.

“రాసే ఉండాది సారూ. చదివి చూపిస్తా, రాండి.”

హెడ్డు ముత్యాలప్ప అంగడికి రావడం చూసి ఎదురుగా టీ అంగట్లో ఉన్న జనమంతా వెంటబడ్డారు. ముత్యాలప్ప తొణకలేదు. శింగనమల చెరువు కింద రైతొకడు పైపులన్నీ తనకు అమ్మాడన్నాడు.

మారెక్క పకపకా నవ్వింది. “ఏమప్పా, చెరువు కింద ముప్పై అడుగులకే నీళ్లు తగుల్తాండాయి. ఆడ ఇరవై అడుగులవి పదమూడు పైపులు దించేకి ఆ రైతుకేమన్నా పిచ్చా?”

జనం గొల్లుమన్నారు. “అది సరేమ్మా, నీవేనని యెట్ల?” అన్నాడు సుంకన్న.

మారెక్క పైపులకు వీపు పెట్టి నిలబడింది. “నేనిట్ల తిరుక్కుంటా, మీరే చూసుకోండి సారూ. అవి బోర్లో దించి రెండేండ్లు. మావి ఉప్పునీళ్లు. పైపు నీళ్లలో మునిగినంత మేర బయట తెల్లగా గార కడ్తాది. అడుగు మూడు పైపులకి కొస నుంచి కొసకి మందంగా ఉంటాది. నాలుగోదానికి మూరెడే మందం, ఆపైన పల్చన. ఐదోదీ పల్చనే, పోయినేడు నీళ్లు ఆడిదాకా ఉండె. ఇంగ ఎనిమిదింటికి వొట్టి తుప్పు.”

సుంకన్న పైపులన్నీ ఎండలోకి లాగించి వరసగా పరిపించాడు. మూడు తెల్లవి. ఎనిమిది తుప్పువి. ఒకటి పల్చనిది. మిగిలిన దాని పక్కన వంగి, తన మోచెయ్యి ఆనించి చూశాడు. మందంగా కట్టిన గార సరిగ్గా ఆయన నడిమివేలి కొస దగ్గర ఆగింది. జనం ఈలలు వేశారు. ముత్యాలప్ప ఎవరూ అడక్కముందే ట్రాక్టరువాడి పేరు, ఊరు చెప్పేశాడు.

అయితే చిక్కు అప్పుడే వచ్చిపడింది. కేసు రాస్తే పైపులు స్టేషన్లో ఉండాలన్నాడు సుంకన్న, కోర్టు ఇమ్మనేదాకా.

“చెట్లు వాయిదాలకి ఆగుతాయా సారూ?” అంది మారెక్క. అంటూనే లెక్క వేసుకుంది. ఒక పైపు తగ్గి మోటరు ఆ మేర పైకి వేలాడినా ఇంకా రెండు పైపుల లోతు నీళ్లలోనే ఉంటుంది. “ఆ మూరెడు గార ఉండే పైపొకటే సాక్ష్యానికి పెట్టుకోండి. పన్నెండు నాకియ్యండి. యాడ కావాలంటే ఆడ వేలిముద్దరేస్తా.”

“ఇచ్చెయ్యి సారూ!” అని జనం ఒక్క గొంతుతో అరిచారు. సుంకన్న టోపీ తీసి తల గోక్కున్నాడు. తర్వాత కాగితం తెమ్మన్నాడు.

మర్నాడు పొద్దున ఊళ్లో చెయ్యి ఆడేవాళ్లంతా బోరు దగ్గరికి వచ్చి పన్నెండు పైపులూ దించారు. కరెంటు రాగానే మారెక్క స్టార్టరు నొక్కింది. గొట్టం దగ్గింది, గాలి కక్కింది, ఎర్రనీళ్లు ఉమ్మింది. ఆపైన తెల్లగా, లావుగా దూకింది ధార. మారెక్క కుచ్చెళ్లు ఎగదోపి కాలువలోకి దిగి, పారతో మొదటి చెట్టు పాదులోకి నీళ్లు మళ్లించింది. అంత సంతోషం ఆమెకు పెళ్లినాడు కూడా కలగలేదు.

“గెలిచినాం ఓబుళేసూ!” అని తోటంతా వినబడేలా అరిచి, రెండో పాదు వైపు నడిచింది. ఇంకా నూటాతొంభైతొమ్మిది చెట్లు ఉన్నాయి.