డేరా యజమాని

సబ్బాహ్ సిలిండర్ మర కొద్దిగా తిప్పాడు. గాలి బుస్సుమంది. ముక్కు దగ్గరకు తెచ్చుకుని వాసన చూసి, మర బిగించి, దాన్ని బండి వెనక నిలబెట్టి తాడు వేశాడు. తర్వాత ఇంకొకటి. సముద్రం అడుక్కి దిగే అతిథుల కోసం రిసార్టు బండిలోకి ఎక్కే ప్రతి సిలిండర్‌నూ అతను ఇలాగే చూస్తాడు. చూడమని ఎవరూ చెప్పలేదు. సిలిండర్లలో గాలి నింపే రిసార్టువారి యంత్రానికి మీటర్లున్నాయి, వాటిని చూసుకోవడానికి మనుషులున్నారు. "గాలిని కూడా రుచి చూడందే వదలడు వీడు" అని తోటివాళ్లు ఆటపట్టిస్తే, నవ్వి ఊరుకునేవాడు.

నలభై దాటిన మనిషి. పొట్టి. ఏళ్ల తరబడి సిలిండర్లు మోసినందువల్ల కుడిభుజం కాస్త కిందికి దిగింది. ఎండకూ ఉప్పుకూ మెడ వెనక చర్మం ముడతలు పడి గట్టిపడింది. అరచేతులైతే చెప్పక్కర్లేదు, కూతురు పలక మీద గీతలు రుద్దడానికి కూడా పనికొస్తాయని భార్య వేళాకోళం చేస్తుంది. ఎడారి కొండలకూ సముద్రానికీ మధ్యనున్న దహబ్ తీరంలో ఇలాంటి డ్రైవర్లు ఏ రిసార్టులో చూసినా కనిపిస్తారు. అతిథులు బండి దిగగానే వాళ్ల ముఖాలు మరిచిపోతారు.

ఆ వాసన చూడటం దఖీల్ మామ నేర్పిన అలవాటు. దఖీల్ అతని తల్లికి తోడబుట్టినవాడు. తీరానికి ఉత్తరం చివర, ఈతాకుల పందిరి కింద, ఒంటిగది డైవింగ్ దుకాణం ఆయనది. ఊళ్లో రిసార్టులు లేవకముందు సముద్రం చూడాలని వచ్చినవాళ్లను నీళ్లలోకి దించింది ఆయనే. సబ్బాహ్ మొదటిసారి పగడాల గోడ పక్కన కిందికి దిగింది కూడా ఆయన చెయ్యి పట్టుకునే. "ఈ సీసాలో ఉన్నది ఎవడి ప్రాణమో అనుకుని వాసన చూడరా" అనేవాడు మామ. జీతం ఎక్కువని సబ్బాహ్ రిసార్టుకు మారినప్పుడు ఆయన పల్లెత్తు మాట అనలేదు. అని ఉంటే బాగుండేదని సబ్బాహ్‌కు ఇప్పటికీ అనిపిస్తుంది.

ఎందుకంటే రిసార్టులో డ్రైవర్లకు ఒక మాట నేర్పారు. ఎవరైనా అతిథి "ఇక్కడి ఎడారి తెగ బెదూయిన్లదే ఒక దుకాణం ఉందటగా?" అని అడిగితే చెప్పాల్సిన మాట: "ఉందండీ, కానీ యంత్రం పాతది, గాలి నూనె వాసన కొడుతుంది." మొదటిసారి ఆ మాట అన్నప్పుడు సబ్బాహ్‌కు నాలుక పిడచకట్టుకుపోయింది. తర్వాత్తర్వాత గడగడా వచ్చేసింది. గడగడా వస్తున్నందుకే ఇంకా సిగ్గేసేది.

ఇటీవల ఆ ప్రశ్న మరీ ఎక్కువైంది. వచ్చేవాళ్లలో సగంమంది తాము పెట్టే ఖర్చు ఇక్కడివాళ్ల చేతికే అందాలని పట్టుబడుతున్నారు. మేనేజరు తామెర్ తెలివితక్కువవాడేం కాదు. కైరో నుంచి మేకవెంట్రుకల డేరా గుడ్డ తెప్పించి రిసార్టు ఇసుకలోనే ఒక మూల వేయించాడు. చాపలు, దిండ్లు, ఇత్తడి కాఫీ పాత్ర, పైన ఒక బోర్డు: బెదూయిన్ కుటుంబం నడిపే డైవింగ్. సబ్బాహ్‌కు తెల్లటి అంగీ, తలగుడ్డ ఇచ్చాడు.

"ఇవాళ్టి నుంచి నువ్వే ఓనరువి" అన్నాడు నవ్వుతూ. "ఓనరు గారూ, మర్చిపోకండి, సాయంత్రం బండి కడగాలి."

ఈ ఉదయం బండి ఎక్కింది మారిట్ అనే టీచరమ్మ, ఆమె భర్త. ఆయన నోరు విప్పని మనిషి. ఆమె సీటు అంచున కూర్చుని, కొండలు చూస్తూ, సబ్బాహ్ భుజం దగ్గరికి వంగి అడిగింది.

"ఈ డైవింగ్ మీ సొంతమేనా?"

"అవునండీ. మా కుటుంబానిదే."

"అమ్మయ్య. మేం వెతికి వెతికి వచ్చాం. పెద్ద హోటళ్లకి వెళ్తే మనిచ్చేది ఎక్కడికి పోతుందో తెలీదు. ఇది మీ సముద్రం, మీకే దక్కాలి. ఉత్తరం వైపు ఎవరో పెద్దాయనది కూడా ఉందన్నారే?"

"ఉందండీ, కానీ యంత్రం పాతది. గాలి నూనె వాసన కొడుతుంది."

ఆమె ముఖం చిట్లించి, "అయ్యో, ప్రాణాలతో చెలగాటం కదా" అంది. సబ్బాహ్ గేరు మార్చాడు. అద్దంలో తన ముఖం కనిపించకుండా అద్దాన్ని కాస్త పక్కకు తిప్పాడు.

వాళ్లు నీళ్లలోంచి బయటికొచ్చేసరికి అతను అంగీ తొడుక్కుని డేరాలో నిప్పుల ముందు కూర్చున్నాడు. కాఫీ గింజలు వేయించి, దంచి, యాలకులు వేసి కాచాడు. ఈ ఒక్క పనిలో మాత్రం అబద్ధం లేదు. మారిట్ తడిజుట్టు తుడుచుకుంటూ పగడాల మధ్య చూసిన తాబేలు గురించి చెబుతోంది. తామెర్ డేరా స్తంభానికి ఆనుకుని ఫోన్ చూసుకుంటున్నాడు. అప్పుడే ఇసుకలో దఖీల్ మామ నడిచి వస్తూ కనిపించాడు.

పొడుగాటి మనిషి, ఎముకలే మిగిలాయి. జీవితమంతా సముద్రం అడుగున తిరిగినవాడు కనుక ఎడమచెవి వినిపించదు. అందుకే తల ఒక పక్కకు వంచి నడుస్తాడు. ఇవాళ ఉతికిన కొత్త తలగుడ్డ కట్టుకున్నాడు. చెప్పులు చేత్తో పట్టుకుని డేరా ముందు ఆగి, లోపలివాళ్లకు సలాం చెప్పాడు.

సబ్బాహ్ లేచి నిలబడ్డాడు. డేరా అంటూ ఉన్నాక వచ్చినవాణ్ణి కూర్చోబెట్టాలి. కూర్చోబెట్టాడు.

"బోర్డు బాగా కట్టారురా" అన్నాడు మామ, దిండుకు ఆనుకుంటూ. "నాకు చదువు రాదు గాని, అక్షరాలు గుండ్రంగా ఉన్నాయి."

"ఒంట్లో ఎలా ఉంది మామా?"

"ఉన్నాను. మీ అమ్మ మోకాలు ఎలా ఉంది?"

"ఉంది."

సబ్బాహ్ చిన్న కప్పులో పద్ధతి ప్రకారం అడుగు తడిసేంత కాఫీ పోసి అందించాడు. దఖీల్ అందుకున్నాడు. పెదాల దాకా తీసుకెళ్లలేదు. నెమ్మదిగా వంగి, చాప అంచున పెట్టాడు. చేతులు ఒళ్లో పెట్టుకుని సబ్బాహ్ ముఖంలోకి చూశాడు.

వచ్చిన అతిథి కాఫీ ముట్టకుండా కింద పెట్టాడంటే అతనికి అడగాల్సిన పని ఒకటి ఉన్నట్టు. అప్పుడు ఇంటి యజమాని, "నీ పనేమిటో చెప్పు, చేశాననుకో, ముందు కాఫీ తాగు" అనాలి. ఆ మాట అన్నాడంటే ఇక తప్పేది లేదు, మాట ఇచ్చినట్టే. అనకపోతే ఆ ఇంటి పరువే పోతుంది. సబ్బాహ్ తాతల నాటి నుంచీ వాళ్ల వంశంలో ఎవరూ ఆ మాట అనకుండా ఉండలేదు. మారిట్‌కు ఇది తెలియదు. కైరోలో పుట్టి పెరిగిన తామెర్‌కూ తెలియదు. ఆ డేరాలో తెలిసినవాళ్లు ఇద్దరే.

మామ ఏం అడుగుతాడో సబ్బాహ్‌కు తెలుసనిపించింది. తన గాలి మీద వేసిన నింద తుడిచెయ్యమంటాడు. ఈ అతిథుల ముందే, ఇప్పుడే చెప్పమంటాడు. తామెర్ నాలుగడుగుల దూరంలో నిలబడి ఉన్నాడు. నిజం చెబితే రేపటి నుంచి ఇంట్లో పొయ్యి వెలగదు. అయినా మాట ఇవ్వడానికి తనెవరు? తనదా డేరా? ఒంటి మీది అంగీ కూడా తనది కాదు. సాయంత్రం విప్పి కొక్కేనికి తగిలించి వెళ్లాలి.

"తాగు మామా" అన్నాడు. "చల్లారిపోతోంది."

దఖీల్ సరిగా వినబడనట్టు తల ఇంకాస్త వంచాడు. మేనల్లుడికి ఇంకొక్కసారి అవకాశం ఇస్తున్నాడని సబ్బాహ్‌కు అర్థమైంది.

"కాఫీకేం తొందరలేరా" అన్నాడు మామ మెల్లగా.

సబ్బాహ్ ముఖం తిప్పుకుని మారిట్ కప్పులో కాఫీ పోశాడు. ఆమె వద్దంటున్నా పోశాడు.

కాసేపటికి దఖీల్ మోకాళ్ల మీద చేతులానించి లేచాడు. "డేరా గలవాణ్ణి దేవుడు చల్లగా చూడాలి" అని, అనాల్సిన దీవెన అని, చెప్పులు చేత్తో పట్టుకుని నీళ్ల అంచు వెంట వెళ్లిపోయాడు.

"ఎవరాయన?" అడిగింది మారిట్.

"దారినపోయే పెద్దాయనండీ. మా డేరాలోకి ఎవరైనా వచ్చి కూర్చోవచ్చు."

"ఎంత మంచి పద్ధతి!" అని ఆమె ఫోన్ తీసి, దూరమవుతున్న ఆ వీపును ఫోటో తీసుకుంది.

మధ్యాహ్నమంతా సబ్బాహ్ రబ్బరు సూట్లు మంచినీళ్లలో ముంచి ఆరేశాడు. ఇంకో జట్టును పగడాల దగ్గరికి తీసుకెళ్లి తెచ్చాడు. అన్నం సయించలేదు. సాయంత్రం పని కాగానే ఉత్తరం చివరికి పోయి మామ కాళ్ల దగ్గర కూర్చోవాలి, 'నువ్వే నాకు కాఫీ ఇవ్వు, నేను ముట్టకుండా కింద పెడతాను, నన్ను క్షమించమని అడుగుతాను' అనాలి. ఆ మాటలు లోలోపల ఎన్నిసార్లు పేర్చుకున్నాడో. పేర్చుకున్న కొద్దీ ఊపిరి కాస్త తేలికైంది.

పొద్దు కొండల వెనక్కి దిగుతుండగా తామెర్ కేకేశాడు.

"ఓనరు గారూ, బండి తియ్యండి. ఉత్తరం చివర ముసలాయన లేడూ, పొద్దున ఇక్కడికి వచ్చాడే, ఆయన దుకాణం మనకే ఇచ్చేశాడు. మధ్యాహ్నం కబురు పంపాడు, వెళ్లి మాట్లాడేశాను. ఆ యంత్రం తీసుకొచ్చెయ్. ఆయన బోర్డు కూడా పట్టుకురా, డేరాకి తగిలిద్దాం. పాత చెక్క కదా, అసలు సిసలు అనుకుంటారు."

సబ్బాహ్ బండి ఎలా నడిపాడో అతనికే తెలియదు. పందిరి కింద దఖీల్ కూతురు హస్నా ఒక్కతే చాపలు చుడుతోంది. గదిలో సామాను లేదు. గోడకున్న మేకులకు తగిలించిన గొట్టాలు, కాళ్లకు తొడిగే ఈత రెక్కలు పోగా మేకులే మిగిలాయి.

"మామ ఏడీ?"

"మా ఆయన బండిలో నువేబాలో మా ఇంటికి వెళ్లిపోయాడు. ఇక మా దగ్గరే ఉంటాడు. గుండె బాగోలేదు, ఇంక నీళ్లలో దిగితే లేవవన్నాడు డాక్టరు." ఆమె చాప తాడు బిగించి తలెత్తింది. "పొద్దున నీ దగ్గరికే వచ్చాడుగా బావా?"

"వచ్చాడు."

"దుకాణం నీ చేతిలో పెట్టి పోదామని వచ్చాడు. పైసా వద్దన్నాడు. 'నేర్పింది వాడికి, నడపాల్సింది వాడు. మనవాళ్ల చేతిలోనే ఉండనీ, ఆ ఒక్క మాట తీసుకుని వస్తాను' అని కొత్త తలగుడ్డ కట్టుకుని మరీ బయల్దేరాడు. తిరిగొచ్చి ఒక్క ముక్క మాట్లాడలేదు. రిసార్టుకి కబురు పెట్టమన్నాడంతే. నువ్వేమన్నావు?"

సబ్బాహ్ యంత్రం మీద చెయ్యి వేసి నిలబడ్డాడు.

"కాఫీ తాగమన్నాను."

హస్నా చేతులు ఆగిపోయాయి. ఆమెకు విడమరచి చెప్పాల్సిన పని లేదు, ఆమెదీ ఆ వంశమే.

"మా గాలి గురించి నువ్వు ఏమేం అంటున్నావో నాన్నకి ఎప్పుడో తెలుసు" అంది. "'కడుపు కోసం అంటాడులే, వాడి మనసు అది కాదు' అనేవాడు. మేం తిడితే మమ్మల్నే కసిరేవాడు."

ఆమె ముసుగు సర్దుకుని మళ్లీ చాప చుట్టడం మొదలుపెట్టింది. ఆమె ముందు నిలబడటానికి సబ్బాహ్‌కు ముఖం చెల్లలేదు. గది మూలన ఒక సిలిండర్ మిగిలి ఉంది. అలవాటుగా మర తిప్పి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. నూనె వాసన లేదు, ఏ వాసనా లేదు.

యంత్రం, సిలిండర్, బోర్డు బండికెత్తుకుని తిరిగి వచ్చేసరికి వెలుగు పలచబడుతోంది. తామెర్ బోర్డు అందుకుని మురిసిపోయి, "కప్పులు కడిగేసి వెళ్లండి ఓనరు గారూ, పొద్దున్నే కొత్త జట్టు వస్తోంది" అని లోపలికి వెళ్లాడు.

సబ్బాహ్ అంగీ విప్పి కొక్కేనికి తగిలించాడు. ఒక్కొక్క కప్పే తీసి కడిగి, పళ్లెంలో బోర్లించాడు. ఒక్కదాన్ని మాత్రం ముట్టలేకపోయాడు. అది చాప అంచున, మామ పెట్టిన చోటే ఉంది. అడుగున ఒక్క గుక్క కాఫీ, దాని మీద సన్నగా పరుచుకున్న ఇసుక.