చెల్లి ఇంటి కుళాయిల్లాంటివే

అవే కుళాయిలు, అదే మెరుపు, పోయిన నెల నాన్న చెల్లి ఇంట్లో బిగించినవాటికి అచ్చం జోడీ, కొట్టతను ఇంతకన్నా మంచివున్నాయండీ అంటున్నా వినకుండా పట్టుబట్టి ఇవే తెచ్చాను, అయినా ఏదో తక్కువైంది, అక్కడ నాన్న చొక్కా విప్పి తలుపుకు తగిలించి పాట ఎత్తుకున్నాడట, పక్కింటివాళ్ళు గోడ మీద దబదబా బాదితే గొంతు ఇంకాస్త పెంచాడట, ఫోన్లో చెప్పి చెల్లి పడీపడీ నవ్వింది, ఇక్కడేమో గుమ్మంలోనే చెప్పులు విడిచి, స్నానాలగది ముందు ఆగి, లోపలికి రావచ్చా అమ్మా అన్నాడు, కూతురింట్లో స్నానాలగదికి అనుమతేమిటి నాన్నా అని నవ్వాను, నవ్వు నాకే అతికించినట్టు వినిపించింది, ఇప్పుడు స్నానపు తొట్టి పక్క పలక ఊడదీసి వెల్లకిలా పడుకుని తల లోపలికి దూర్చాడు, కాళ్ళు మాత్రమే నాకు మిగిలాయి, పాత కుళాయి నట్టు సున్నం పట్టి కదలనంటోంది, మూలుగు వినిపిస్తోంది, నేనేమైనా అందించనా, వద్దమ్మా, ఆఫీసులో అలిసిపోయుంటావు, ఇవాళ సెలవు నాన్నా, అయితే కాసేపు పడుకో తల్లీ.

ఎప్పుడూ ఇంతే, కుళాయిల పనికి వెళ్తూ, అక్క చదువుకుంటోంది, నువ్వు రావే పొట్టీ అని చెల్లిని పిలిచేవాడు, ఆ సామాన్ల సంచి దానికన్నా బరువు, ఈడ్చుకుంటూ వెళ్ళేది, సాయంత్రానికి ఇద్దరూ తడిసి ముద్దై, ఒళ్ళంతా మడ్డితో, ఏదో తమకే తెలిసిన సంగతికి నవ్వుకుంటూ వచ్చేవాళ్ళు, ఏమైందంటే, ఏం లేదమ్మా నువ్వు చదువుకో, మా ఇంట్లో మొదటి డిగ్రీ నాది, ఫొటో నడిగదిలో ఉంది, నాన్న రోజూ తుడుస్తాడు, చెల్లి ఫొటో ఒక్కటీ లేదు, ఎందుకుండాలి, అదే ఉండేదిగా పక్కన, దద్దమ్మా, మొద్దురాచ్చిప్పా, నీ కళ్ళు ఎక్కడ పెట్టావే అని రోజంతా తిట్లు తింటూ, నువ్వు నోరు మూసుకో ముసలోడా అని ఎదురు తిడుతూ, నాకు ఒక్క తిట్టూ రాలేదు, మార్కులు తగ్గినా రాలేదు, ఒకసారి చెల్లితో అంటే ముఖం మాడ్చుకుంది, నీకేమే, నువ్వు చదువుతుంటే నాన్న చెప్పులు చేత్తో పట్టుకుని నీ గది దాటేవాడు, నా కోసం ఎవరు అలా నడిచారు అంది, ఆ మాటకు కరిగిపోవాల్సింది, కరగలేదు, చప్పుడు చేస్తూ నడిచినా బాగుండేది అనిపించింది.

ఊరికే కూర్చోలేక కొత్త కుళాయి తీసుకుని, నీళ్ళు కారకుండా దాని మరకు తెల్ల టేపు చుట్టాను, ఎంతో శ్రద్ధగా, పుస్తకానికి అట్ట వేసినట్టు, నాన్న బయటికి వచ్చి చూశాడు, నట్టు ఎక్కిస్తుంటే టేపంతా ఊడి ముద్దగా కుప్పపడింది, మర తిరిగే వైపుకు చుట్టాలట, నేను ఎదురు చుట్టాను, తిడతాడని నిజంగా ఆశపడ్డాను, పర్లేదమ్మా, నీకెలా తెలుస్తుంది, నేను చుట్టుకుంటాలే అని మెత్తగా నా చేతిలోంచి తీసుకున్నాడు, చెల్లి ఇదే తప్పు చేస్తే నెత్తిన మొట్టికాయ వేశాడట, ఆ మొట్టికాయ మీద నాకు ఎంత కుళ్ళో, నలభైకి దగ్గరపడ్డ ఆఫీసరు బయటికి చెప్పుకోగల సంగతేనా.

మళ్ళీ తల తొట్టి కిందికి వెళ్ళింది, లోపల చీకటి, ఫోను లైటు వేసి నేనే వంగాను, వద్దనేలోపే మోకాళ్ళ మీద కూర్చున్నాను, తడి నేల, చీర తడుస్తోంది, నాన్న రెండు చేతులూ పైకి చాచి నట్టు తిప్పుతున్నాడు, పళ్ళు బిగించాడు, కూనిరాగమొకటి వాటి మధ్యనుంచి సన్నగా బయటికి వస్తోంది, పాటే, ఇక్కడా పాటే, ఆ మొహం చూడాలని మెడ చాచాను, లైటు పక్కకి జారింది, ఒసేయ్ పొట్టీ, లైటు నట్టు మీద పట్టమంటే నా మొహాన కొడతావేంటే దద్దమ్మా, కళ్ళు పోతాయి, ఇటు, ఇటు చావు.

పొట్టి ఇక్కడ లేదు, నాన్నా, నేను పెద్దదాన్ని అని చెప్పాలి, చెబితే నాలుక కరుచుకుంటాడు, ఏమనుకోకమ్మా అంటాడు, పాట ఆగిపోతుంది, లైటు నట్టు మీదికి తిప్పి, రెండు చేతులతో కదలకుండా పట్టుకున్నాను, నాకు కావలసింది ఈ కుళాయిలు కాదు, ఈ తిట్టు, చెల్లి పేరు మీద వచ్చినా సరే.