చాక్లెట్ పళ్ల చక్రాలు

మా అమ్మాయి పళ్ల డాక్టరు దగ్గర పనిచేస్తుంది. ఏడాది చివర సెలవులు వస్తే చాలు, నొప్పి తగ్గినవాళ్లంతా ఆయనకు చాక్లెట్ పెట్టెలు పట్టుకొస్తారు. పళ్ల డాక్టరు గదిలో చాక్లెట్లు కనబడితే జనం నవ్విపోతారని ఆయన అన్నీ మా అమ్మాయి చేతిలో పెట్టి పంపేస్తాడు. ఈసారి పద్దెనిమిది పెట్టెలు. నాకు షుగరు. అమ్మాయికి ఆ వాసనే పడదు. మనవరాలు నాలుగు తిని మొహం మొత్తిందంది. పక్కింట్లో ఇద్దామని వెళితే వాళ్లే ఇంకో మూడు అంటగట్టారు. అన్నీ బీరువా ఎక్కాయి.

శనివారం పొద్దున్నే పెరట్లోంచి కేక. మనవరాలిది.

దానికి పదకొండేళ్లు. ఆ రోజు నాలుగింటికి బడిలో యంత్రాల ప్రదర్శన. గెలిచిన ఒక్కరిని పది రోజులు నిజమైన వర్క్‌షాపుకి పంపుతారు. నెల రోజులుగా అది నిద్రలో కూడా వర్క్‌షాపే కలవరిస్తోంది. బంకమట్టితో రెండు పళ్ల చక్రాలు చేసింది. చిన్నదాన్ని తిప్పితే పెద్దది తిరగాలి. ఆరాలని ముందురోజు ఎండలో పెట్టింది. రెండూ నిలువునా పగిలాయి.

“అయిపోయింది తాతా! నేనింక వెళ్లను.”

“మళ్లీ చెయ్యి.”

“మట్టి ఆరేసరికి రేపవుతుంది! నీకేం తెలుసు?”

నాకు తెలిసింది ఒకటే. నలభై ఏళ్లు కార్ఖానాలో ఉక్కు కరిగించి అచ్చుల్లో పోత పోశాను. కరిగేది, పోస్తే చటుక్కున గట్టిపడేది ఏముందా అని ఇల్లంతా కలియజూశాను. బీరువా మీద చూపు ఆగింది.

“ఆ పెట్టెలు దింపు.”

“ఇప్పుడు తిండేంటి తాతా?”

“తినడానికి కాదు. పోత పోద్దాం.”

అది అక్కడికక్కడే గంతేసింది.

మెత్తటి చెక్క తీసుకుని సన్న రంపంతో రెండు చక్రాల నమూనాలు కోశాను. చేతులు వాటంతటవే ఆడాయి. కార్ఖానాలో వాడే ఇసుక బదులు పళ్లెంలో మైదాపిండి అదిమి, నమూనాలు దించి, మెల్లగా తట్టి పైకి తీశాను. అచ్చు చెక్కుచెదరకుండా నిలిచింది. గిన్నెలో చాక్లెట్లు వేసి నేరుగా పొయ్యి మీద పెట్టి మంట పెద్దది చేశాను.

“నాన్నా! అదేమన్నా ఉక్కనుకున్నావా? మాడిపోతోంది!” అమ్మాయి పరుగున వచ్చింది. నాలుగు పెట్టెలు బొగ్గయ్యాయి. నన్ను పక్కకు నెట్టి, మరిగే నీళ్ల మీద ఇంకో గిన్నె పెట్టి తనే కరిగించింది.

పోశాను. ఫ్రిజ్‌లో పెట్టాం. మనవరాలు ఐదు నిమిషాలకోసారి తలుపు తెరుస్తుంటే ఫ్రిజ్ ముందు కుర్చీ వేసుకుని కాపలా కూర్చున్నాను.

రెండింటికి బయటికి తీశాం. ఒక్క పన్నూ విరగలేదు! మనవరాలు చక్రాల నడుమ చిల్లులు పొడిచి, మట్టివాటి కోసం చెక్క పలకకు కొట్టి ఉంచుకున్న రెండు మేకులకు తగిలించి తిప్పింది. కదల్లేదు. పళ్లలో పళ్లు ఇరుక్కుపోయాయి.

అప్పుడు వెలిగింది నాకు. ఉక్కు చల్లారితే కుంచించుకుపోతుంది. అందుకని మేం నమూనా ఎప్పుడూ రవ్వంత పెద్దది కోస్తాం. ఎవరూ చెప్పకుండానే నా చెయ్యి ఆ పని చేసేసింది. చాక్లెట్టేమో అంత కుంచించుకోలేదు.

“తప్పు నాదే,” అన్నాను. మళ్లీ కోసి పోయడానికి టైము లేదు. మనవరాలి కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి.

“జరగండి ఇద్దరూ. ఇది రోజూ నేను చేసే పనే,” అంది అమ్మాయి. కొత్త పన్ను కట్టాక ఎత్తుగా ఉందేమోనని రంగు కాగితం కొరికిస్తారట. ఎక్కడ ఒత్తుకుంటే అక్కడ మరక పడుతుందట. అక్కడే అరగదీస్తారట. చక్రాల పళ్లకు మైదా అద్ది, ఒకదానికొకటి ఆనించి నొక్కింది. పిండి చెరిగిన చోటల్లా సన్న కత్తితో గీకింది.

“నోరు తెరవండి. ఇంకొంచెం. ఆఁ... నొప్పేమీ ఉండదు,” అని చక్రంతో మాట్లాడుతుంటే మనవరాలు ఏడుపు మరిచి పడీపడీ నవ్వింది.

కార్ఖానాలో మేమూ నీలం రంగు పూసి అచ్చం ఇలాగే చూసేవాళ్లం! ఇన్నాళ్లూ మా అమ్మాయి అక్కడ చీటీలు రాస్తుందనే అనుకున్నాను.

మూడుంపావుకి చిన్నది కదిలింది. పెద్దది తిరిగింది. ముగ్గురం ఒకేసారి అరిచాం.

ఐసుముక్కల బేసిన్‌లో పళ్లెం పెట్టి, దాంట్లో చక్రాలు పెట్టుకుని, మేకుల పలక కూడా పట్టుకుని బడికి పరిగెత్తాం. గెలిచేదెవరో తేల్చడానికి వచ్చిన ఇంజినీరమ్మ మా బల్ల దగ్గర ఆగి చిన్న చక్రం తిప్పింది. పెద్దది వయ్యారంగా తిరిగింది. ఆవిడ బొటనవేలికి చాక్లెట్ అంటుకుంది.

“ఇది కరిగిపోతే ఏం చేస్తావు?”

“మళ్లీ పోస్తానండీ. మట్టిది పొద్దున పగిలింది. దాన్ని ఏమీ చెయ్యలేకపోయాను.”

“పళ్లు ఇంత బాగా ఎలా కలిశాయి?”

“మొదట కలవలేదండీ. మా తాత ఉక్కనుకుని పెద్దవి కోసేశాడు. మా అమ్మ పళ్లు చూసి సరిచేసింది.”

అందరూ నావైపు తిరిగారు. నేను పైకప్పు చూశాను. ఇంజినీరమ్మ పెద్దగా నవ్వి కాగితం మీద ఏదో రాసుకుంది. అరగంటకు మైకులో మా మనవరాలి పేరు చదివారు! మా అమ్మాయి నా భుజం పట్టుకుని ఊపేసింది.

బల్ల చుట్టూ అప్పటికే పిల్లలు మూగారు. అందరి కళ్లూ చక్రాల మీదే.

“వీటిని ఇంకెవరికైనా తిప్పి చూపించాలాండీ?” అని మనవరాలు ఇంజినీరమ్మను అడిగింది.

“అక్కర్లేదు.”

అది పెద్ద చక్రాన్ని ఎత్తి బల్ల అంచుకేసి ఠపీమని కొట్టింది.

“తలా ఒక పన్ను! తోసుకోకండి!”