రెండో ప్రశ్న

మూడో అంతస్తు మెట్లెక్కి, రుమాలుతో మెడ తుడుచుకుని, వేలి కణుపులతో తలుపు మీద మెల్లగా రెండుసార్లు తట్టింది. అరచేత్తో బాదితే పోలీసులనుకుని జనం తలుపు తీయరు. ఇరవయ్యారేళ్ళుగా ఇల్లిల్లూ తిరిగి ప్రశ్నలడిగే ఉద్యోగంలో ఆమె నేర్చుకున్న మొదటి సంగతి అది.

"సర్వే నుంచి వచ్చానండీ. రెండే ప్రశ్నలు."

తలుపు తీసినాయన దర్జీ. మెడలో టేపు వేలాడుతోంది. పెదవుల మధ్య ఉన్న గుండుసూది తీసి నవ్వాడు.

"దేశాన్ని నడిపే పదవికి ఆడమనిషి పనికొస్తుందంటారా?"

"భలేవారే! మా ఇంట్లో రాజ్యం ఎవరిదనుకున్నారు?"

"ఆ రాజ్యంలో గిన్నెలు తోమేదీ నేనేలెండి!" లోపలి నుంచి భార్య అరిచింది.

"మరి మీ పక్కింటివాళ్ళు ఒప్పుకుంటారా?"

"వాళ్ళా? అబ్బే! యుద్ధమొస్తే ఏడుస్తూ కూర్చుంటుందంటారు. ఆ మనుషులే అంత."

పక్కింటికి తాళం వేసి ఉంది. తాళానికి సాలెగూడు పట్టింది. ఆమె తాళం వైపు ఓసారి చూసి, రెండు గడుల్లో రెండు గుర్తులు పెట్టుకుంది.

కొత్తగా చేరినవాళ్ళకు ఆమె మొదట చెప్పేది ఇదే. మొదటి జవాబు చుట్టాలకు వేసే కుర్చీ లాంటిది, మనిషి మనసులో మాట రెండో జవాబులో ఉంటుంది. పేపర్లో అచ్చయ్యేది మాత్రం మొదటిదే. ఆమె ఉద్యోగంలో చేరిన ఏడు నూటికి ముప్ఫైమంది పనికొస్తుందన్నారు. ఒక ముసలాయనైతే ఆమె ముఖం మీదే పకపకా నవ్వి తలుపు వేసుకున్నాడు. మొన్నటి లెక్కలో ఎనభై దాటారు. పేపర్లో పైకి ఎగబాకుతున్న ఆ గీతను చూసుకుని, తానే తాడు కట్టి లాగినట్టు రోజంతా మురిసిపోయింది.

నాలుగింటికల్లా ఆఫీసుకు తిరిగి వచ్చింది. జట్టును నడిపే పెద్దాయన ఆ నెలతో దిగిపోతున్నాడు. ఆ కుర్చీలో ఎవరు కూర్చోవాలో జట్టులోని ఏడుగురూ చీటీలు రాసి తేల్చుకోమన్నాడు. వారం రోజులుగా అందరిదీ ఒకటే పాట. "నువ్వు కాక ఇంకెవరక్కా? ఈ ఊళ్ళో నీకు తెలియని వీధి ఉందా?" చివరికి, కళ్ళజోడు అని అందరూ పిలిచే కుర్రాడు కూడా అదే అన్నాడు. మూడేళ్ళ కిందట తలుపు ఎలా తట్టాలో అతనికి చేయి పట్టి నేర్పింది ఆమే. ఊళ్ళోవాళ్ళందరినీ రెండో ప్రశ్న అడిగిన మనిషికి వీళ్ళను అడగాలని తోచలేదు.

పెద్దాయన చీటీలు ఒక్కొక్కటే విప్పి చదివాడు. కళ్ళజోడు. కళ్ళజోడు. మళ్ళీ కళ్ళజోడు. నాలుగోదీ కళ్ళజోడే. అయిదో చీటీలో ఆమె పేరు వచ్చింది. ఆ గుండ్రటి అక్షరాలు ఆమెవే. తర్వాతి రెండూ మళ్ళీ కళ్ళజోడే.

అందరూ చప్పట్లు కొట్టారు. ఆమె కూడా కొట్టింది.

పదేళ్ళుగా ఆమె పక్కన కూర్చుని ఒకే డబ్బాలో అన్నం తిన్న చిన్నది, గోడవారగా వచ్చి చేయి పట్టుకుంది.

"నామీద కోపమా అక్కా?"

"నువ్వూ అతనికే రాశావా?"

"నాకైతే నువ్వే ఇష్టం అక్కా, ఒట్టు. మిగతావాళ్ళే ఆడమనిషి మాట వినరేమోనని..."

"మిగతావాళ్ళను అడిగావా?"

చిన్నది తల దించుకుంది. ఆమె ఆ చేతిని మెల్లగా విడిపించుకుంది. ఇళ్ళల్లోవాళ్ళు అబద్ధం చెప్పినా ఆమెకు ఎన్నడూ కష్టంగా అనిపించలేదు, వాళ్ళెవరో తనెవరో. ఇది మాత్రం ఒకే డబ్బాలో అన్నం తిన్న మనిషి చెప్పింది.

దర్జీ ఇంటి కాగితంతో సహా ఆ రోజువన్నీ వరుసలో పేర్చి కళ్ళజోడు కుర్రాడి బల్ల మీద పెట్టింది.

"రేపు ఏ వీధికి వెళ్తావక్కా?" తల ఎత్తకుండా అడిగాడు అతను.

"మీ ఇష్టం సార్."

ఆ 'సార్' విని అతను తల ఎత్తాడు. ఆమె మెట్లు దిగి వెళ్ళిపోయింది.

మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. వారం తర్వాత ఆఫీసు ఊడుస్తున్నావిడ తలుపు వెనక్కి చీపురు పోనిస్తే ఏదో తగిలి దొర్లింది. సర్వేకు తిరిగేటప్పుడు వీధికుక్కల్ని అదిలించడానికి అక్క పట్టుకెళ్ళే మూరెడు కర్ర. పట్టుకునేచోట చుట్టిన పాత గుడ్డపీలిక చెమటకు నల్లబడి, నాలుగు వేళ్ళ మేర పల్లంపడి ఉంది.